పొక్లెయిన్‌కు దిష్టి

శుక్రవారం పొద్దున మునిశేఖర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. వడమాలపేట దాటాక రోడ్డు పక్కనున్న గంగాధరం పాత యంత్రాల యార్డుకు వెళ్లాలి. అక్కడొక పొక్లెయిన్‌లో ఒకే ఒక్క ఎర్రర్ కోడ్ తీసెయ్యాలి. తొమ్మిదిన్నరకల్లా ఇడ్లీ తినాలి. ఆ తర్వాత జీవితం మారిపోవాలి.

ఆ చివరిది గొప్పకు అనుకున్నది కాదు. ఎనిమిదేళ్లుగా అతను మోపెడ్ మీద లాప్‌టాప్ సంచి వేసుకుని, ఏ యంత్రం ఎక్కడ మొరాయిస్తే అక్కడికి ఎండలో పరుగెత్తే ఎలక్ట్రికల్ మెకానిక్కు. "ఈ బండి ఈ పొద్దు అమ్ముడు పోయిందంటే, ముందర ఖాళీగా ఉండే షెడ్డు నీకేనప్పా" అని గంగాధరం మాటిచ్చాడు. ఆ మాట నమ్మి మునిశేఖర్ 'శేఖర్ ఎలక్ట్రికల్ వర్క్స్' అని బోర్డు కూడా రాయించి మంచం కింద దాచాడు. కొనబోయేది పుత్తూరు గురప్ప. పదిన్నరకు రాహుకాలం వస్తుంది కనుక ఆలోపే అవుననో కాదనో తేల్చేస్తానని కబురు పంపాడు.

"నూట డెబ్బై నాలుగని ఒక నంబరు వస్తా ఉండాది, పోతా ఉండాది. రెండు వారాల కింద బండి వచ్చిన కొత్తలో పొద్దుకొకసారి వచ్చేది. ఇప్పుడు గంటకోసారి" అన్నాడు గంగాధరం, యంత్రంలోని స్క్రీను చూపిస్తూ.

"అదెంత పనన్నా! ఇడ్లీ పార్సిల్ తెప్పించు. అది సల్లారే లోపల తీసేస్తా."

క్యాబిన్ ఎక్కి కూర్చోగానే మోకాలికేదో మెత్తగా తగిలింది. వంగి చూస్తే పక్క ప్యానెల్ కింద, వైర్ల గుత్తికి ఇనుప తీగతో వేలాడుతున్న నిమ్మకాయా, నాలుగు మిరపకాయలూ. పాత డ్రైవర్ భక్తి. నిమ్మకాయ సగానికి సగం ఎండిపోయి ఉంది. మునిశేఖర్ దాన్ని పుటుక్కున తెంపి కిటికీలోంచి విసిరేశాడు.

"కంప్యూటర్ ఉండే కాడ నిమ్మకాయకు పనేముండాదన్నా?"

ఆ నిమ్మకాయ పోయి, షెడ్డు నీడలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న గంగాధరం తల్లి దేవకమ్మ ఒళ్లో పడింది. ఆమె దాన్నీ, క్యాబిన్‌నీ మార్చి మార్చి చూసింది.

"కట్టిన దిష్టి తీసి పారేస్తావా నాయనా? ఊరికే పోతాదా అది?"

ఊరికే పోలేదు. అంతదాకా వస్తూ పోతూ ఉన్న నూట డెబ్బై నాలుగు స్క్రీను మీద స్థిరపడిపోయింది. మునిశేఖర్ లాప్‌టాప్ తగిలించి చెరిపేశాడు. మళ్లీ వచ్చింది. చెరిపాడు. వచ్చింది.

దేవకమ్మ లేచి ఇంట్లోకి వెళ్లి నిమ్మకాయలూ, మిరపకాయలూ, కట్టుతీగ చుట్టా తెచ్చింది. ఒక దండ గుచ్చి కొడుకు చేతికిచ్చింది. గంగాధరానికి మెకానిక్కంటే గౌరవం ఉన్నా, అమ్మంటే భయం ఉంది. చప్పుడు చెయ్యకుండా వెనక ఇంజిన్ తలుపు తీసి, గాలికి ఊడకుండా పటకారుతో నాలుగు మెలికలు బిగించి, వైర్ల గుత్తికి దండ కట్టేశాడు.

"అన్నా, ఇంకొక కోడ్ వచ్చిందే!" అని క్యాబిన్‌లోంచి కేక.

"సూసినావా? ఒకటి సాలదు" అంది దేవకమ్మ.

రెండో దండ బ్యాటరీ దగ్గర కట్టారు. హారన్ మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. మూడో దండతో వైపర్ లేచి, చుక్క వాన లేని ఆకాశం కింద టపటపా అద్దం తుడవసాగింది. నాలుగో దండకు లైట్లన్నీ వెలిగాయి. స్క్రీను మీద కోడ్‌లు ఏడయ్యాయి. మునిశేఖర్ నుదుట చెమట పట్టింది. మంచం కింది బోర్డు కళ్లముందు మెదిలింది. పొద్దున్నే దేవుడికి దండం పెట్టకుండా వచ్చానే అని మొదటిసారి అనిపించింది.

"వైర్లు యాడో నలిగుండాయన్నా!" అని అరుస్తూ దిగి, ఇంజిన్ తలుపు తీసి గుత్తిని చేత్తో పిండి చూశాడు. చేతికేదో చితికింది. చెమట తుడుచుకుందామని అదే చెయ్యి కంటికి పెట్టుకున్నాడు.

గురప్ప బండి దిగేసరికి కనబడిన దృశ్యం ఇది: హారన్ అరుస్తోంది, వైపర్ ఊగుతోంది, పట్టపగలు లైట్లు వెలుగుతున్నాయి, మెకానిక్కు యంత్రం ఇనుప పట్టా పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"ఏమప్పా, బండి పోయిందా?" అన్నాడు గురప్ప, పరామర్శించే గొంతుతో.

"మిరపకాయన్నా!" అన్నాడు మునిశేఖర్ ఏడుస్తూనే. ఆ మాట తన నోటివెంటే రావడంతో అతనికి వెలిగింది. ఒంటికంటితో మళ్లీ ఇంజిన్‌లోకి చూశాడు. కట్టుతీగ వైరు తోలు కోసుకుని లోపలికి దిగి, రెండో కొసతో ఇనుప బాడీని తాకుతోంది.

"ఎవురన్నా ఇది కట్టింది?"

గంగాధరం అమ్మను చూశాడు. అమ్మ ఆకాశాన్ని చూసింది.

మునిశేఖర్ నాలుగు దండలూ విప్పి, తెగిన చోటల్లా టేపు చుట్టాడు. హారన్ ఆగింది. వైపర్ పడుకుంది. లైట్లు ఆరాయి. కోడ్‌లు ఒక్కొక్కటే మాయమై, ఒక్కటే మిగిలింది. నూట డెబ్బై నాలుగు.

టైము పది ఇరవై. గురప్ప వాచీ చూసుకుంటున్నాడు.

మునిశేఖర్ పక్క ప్యానెల్ విప్పి, పాత నిమ్మకాయ వేలాడిన చోటు తడిమాడు. అక్కడి ప్లగ్గుకు లాకు విరిగిపోయి ఉంది. కిందికి లాగిపెడితేనే లోపలి పిన్నులు తగులుతున్నాయి. ప్లాస్టిక్ పట్టీతో బిగిస్తే తగల్లేదు. స్పానరు వేలాడదీస్తే బరువుకు ప్లగ్గే ఊడిపోయింది. బోల్టు కడితే బరువు చాలలేదు. పది ఇరవై ఆరు.

కిటికీ దగ్గరికి ఒక ముడతల చెయ్యి మెల్లగా లేచింది. అందులో పచ్చటి కొత్త నిమ్మకాయ ఉంది.

మునిశేఖర్ దాన్ని అందుకుని, తీగకు బదులు నూలు దారం అడిగి తీసుకుని, తన చేతులతో తానే కట్టాడు. నూట డెబ్బై నాలుగు పోయింది. యంత్రం తొండమెత్తి, దించి, చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. స్క్రీను శుభ్రంగా ఉంది. రెండు వారాలుగా నిమ్మకాయ ఎండి బరువు తగ్గేకొద్దీ కోడ్ ఎందుకు ముదిరిందో అప్పుడర్థమై, అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అన్నా, ఉండేది సెప్తా" అన్నాడు గురప్పతో. "ఇది దిష్టికి కట్టింది కాదు. ప్లగ్గు లాకు ఇరిగిపోయుండాది. కొత్తది తెప్పిచ్చి నేనే వచ్చి ఏస్తా. అందాకా బరువు కోసరం..."

"నువ్వేమన్నా సెప్పుకోప్పా" అన్నాడు గురప్ప, క్యాబిన్‌కు దండం పెడుతూ. "కంప్యూటరోడే సొంత సేత్తో నిమ్మకాయ కట్టినాడంటే ఇంక నాకేం అనుమానం? బండి నాదే!"

పదిన్నరకు రెండు నిమిషాలుండగా షెడ్డు తాళంచెవి మునిశేఖర్ చేతిలో పడింది. దేవకమ్మ చల్లారిన ఇడ్లీ పొట్లం కూడా తెచ్చి చేతికిచ్చి, "తిను నాయనా, ముందు సెయ్యి కడుక్కో" అంది.

గురప్పకిచ్చిన తనిఖీ కాగితంలో మునిశేఖర్ ఇలా రాసి సంతకం పెట్టాడు: మార్చవలసినవి - ఇంజిన్ ఆయిల్, ఐదొందల గంటలకు ఒకసారి; నిమ్మకాయ, ప్రతి శుక్రవారం.