రెండు చోట్ల దొరికిన మామిడి వ్యాసం

రాయలచెరువు కట్ట కారుతోందని కింది ఊళ్ళ జనాన్నంతా ఖాళీ చేయించిన వరద వచ్చిన నాలుగో ఏడు, తోతాపురి మామిడి కాయ కోతకొచ్చిన రోజుల్లో, తిరుపతిలో ఒక జిరాక్స్ షాపులోకి ధర్మేంద్ర వచ్చి కౌంటరు మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు.

"మునిచంద్రా! ఈ జిల్లాలో నేరం అనేది ఇంక తల ఎత్తదు. నేను పూర్తిగా దిగినా."

షాపు ఓనరు మునిచంద్ర స్టేప్లర్లో పిన్నులు వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"యాడికి దిగినావప్పా?"

"నేర పరిశోధనలోకి. ముప్పై ఏండ్లు బస్సు కండక్టరు. టికెట్ లేనోన్ని మొహం సూసి పట్టినా. మనిషిని వీపు పక్క నుంచి సూసినా చెప్తా, పాకాలలో దిగతాడా, పూతలపట్టులో దిగతాడా అని. ఇట్లాంటి బుర్రలు ప్రపంచంలో మూడే ఉండాయి."

"మిగతా రెండూ?"

"అవి విదేశాల్లో ఉండాయి."

ధర్మేంద్ర రిటైరై రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో రెండు కేసులు పట్టాడు. పాల ప్యాకెట్ల దొంగ కోసం నెల రోజులు కాపలా కాసి పాలు వేసే మనిషినే పట్టుకున్నాడు. చెప్పుల దొంగ అని ఒక పెద్దాయన్ని వీధిలో నిలదీస్తే, ఆ పెద్దాయన కాళ్ళకున్నవి ఆయన చెప్పులే, ధర్మేంద్ర కాళ్ళకున్నవే ఎవరివో అని తేలింది. ఇన్ని జరిగినా మునిచంద్ర అతనికి రోజూ టీ ఇప్పిస్తూనే ఉన్నాడు. చిన్నప్పటి స్నేహం, ఏం చేస్తాడు.

టీ గ్లాసులు ఇంకా ఖాళీ కాలేదు, నందిని వచ్చింది. మునిచంద్రకు అక్క కూతురు. మామిడి మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, ఆ రోజు స్టూలు మీద కూలబడి చున్నీతో మొహం తుడుచుకుంది.

"మామా, నా పని అయిపోయింది."

"ఏమైందిమే?"

"తోతాపురి కాయ ముందే ఎందుకు రాలిపోతుందని వ్యాసం రాసినా గదా, 'ఉద్యానశోధన' పత్రికకు ఇచ్చి ఏడు నెలలాయ. అచ్చెయ్యకముందు పత్రికోళ్ళు చదివించిన పెద్దోళ్ళు బాగుందనే రాసినారంట. కానీ వాళ్ళల్లో ఒకాయనకు ఇదే వ్యాసం బెంగళూరు పత్రిక నుంచి గూడా పోయిందంట. అక్షరం తేడా లేదంట."

"పోతే పోనీలేమే. ఇద్దరూ వేస్తే మంచిదే గదా?"

"మంచిది కాదు మామా, నేరం! ఒక వ్యాసం ఒకేసారి రెండు తావుల ఇయ్యగూడదు. నేనే ఇచ్చినానని తేలితే మూడేండ్లు నా కాగితం ముట్టరు. ఇంకెవురన్నా దొంగిలించి ఇచ్చింటే వాళ్ళెవురో సోమవారం లోపల తేలాల. వ్యాసం తీసుకున్నామనే లెటర్ లేకుంటే థీసిస్ తీసుకోరు. థీసిస్‌కు నెలాఖరే గడువు."

"ఆ బెంగళూరోళ్ళనే అడిగితే సరిపాయె."

"ఇచ్చినోళ్ళ పేరు బయటికి చెప్పరంట. ఉత్తరాలు నడిచేసరికి మూడు నెలలు."

మునిచంద్ర స్టేప్లర్ పక్కన పెట్టాడు. ఈ పిల్ల నాలుగేళ్ళుగా ఈ షాపులోనే కాగితాలు ప్రింటు తీసుకుంది. పిల్ల చదువు కోసం వాళ్ళ నాయన గురప్ప ఎద్దుల్ని అమ్ముకున్నాడు.

ధర్మేంద్ర లేచి నిలబడ్డాడు. "పాపా, కండ్లు తుడుచుకో. ఈ కుట్ర మూలాలు నేను పెకలిస్తా."

మొదట నందినిని బయట కూర్చోబెట్టి, మిత్రులిద్దరూ తిరుపతిలోనే ఉన్న పత్రిక ఎడిటరు రాజశ్రీ గదికి వెళ్ళారు. ఆమె వెనక గోడకు పత్రిక రూల్సు అద్దం కట్టించి వేలాడదీసి ఉన్నాయి. మొత్తం ముప్పై రెండు.

"రెండు తావులా చదివిన పెద్దమనిషి పేరు చెప్పండి మేడం. మిగతాది నేను సూసుకుంటా" అన్నాడు ధర్మేంద్ర.

"చెప్పకూడదండీ. ఎవరు చదివారో రాసినవాళ్ళకు తెలియకూడదు. ఎవరు రాశారో చదివినవాళ్ళకు తెలియకూడదు."

"అంటే అటు మనిషీ మొహం కప్పుకోనుండాడు, ఇటు మనిషీ కప్పుకోనుండాడు. మధ్యలో మీరు సరుకు మారుస్తా ఉండారు. అమ్మా, ఎర్రచందనం తోలేటోళ్ళు గూడా ఇంత పకడ్బందీగా ఉండరు."

రాజశ్రీ కళ్ళద్దాలు సవరించుకుంది. "మీకు ఈ వ్యాసం రాసినవాళ్ళతో ఏమైనా సంబంధం ఉందా? ఉంటే ముందే చెప్పాలి. అదీ రూలే."

"నాకేం సంబంధం! పాప మేనమామ దినామూ టీ తాపిస్తాడు, అంతే."

"అది సంబంధమే" అని ఆమె కాగితం మీద రాసుకుంది. "ఎన్ని టీలు?"

బయటికొచ్చాక ధర్మేంద్ర వేళ్ళ మీద టీలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత నందినిని అడిగాడు. "వ్యాసం మీద నీ పేరుతో పాటు ఇంకెవురి పేరుండాది?"

"మా గైడు రఘునాథ్ సార్ది."

"ఆయన ఏం చేసినాడు?"

"రెండు కామాలు పెట్టినాడు అంకుల్. మళ్ళా ఒకటి తీసేసినాడు."

"తోటకు వచ్చినాడా?"

"ఎండకు తలనొప్పి వస్తాదని రాలా."

"దొరికినాడు!" అని ధర్మేంద్ర చిటికె వేశాడు. "పని చెయ్యకుండా పేరు పెట్టుకునేటోడు, పేరు లేకుండా పని గూడా చేస్తాడు. ఇదీ నేరస్తుని మనస్తత్వం."

ఆ మాటకు అర్థమేమిటో మునిచంద్రకు అంతుపట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఎన్నో వ్యాసాలు బైండింగ్ చేశాడు. ఐదు పేర్లుంటే నలుగురికి వ్యాసం దేని గురించో తెలియదు. అలాంటివాళ్ళంతా దొంగలైతే ఊళ్ళో జైలు చాలదు.

ఆదివారం పొద్దున రఘునాథ్ సంచి పట్టుకొని చిత్తూరు బస్సెక్కుతున్నాడని నందిని ఫోన్ చేసింది. మునిచంద్ర పరుగున బస్టాండుకు పోయాడు. మారువేషంలో వస్తానన్న ధర్మేంద్ర బస్సులో ఎక్కడా కనబడలేదు. బస్సులో కొండ దిగి వస్తున్న గుండ్లు పదకొండు ఉన్నాయి, అన్నిటికీ గంధం. మునిచంద్ర రెండు గుండ్లను భుజం తట్టి, క్షమించమని చెప్పి, మూడోదాన్ని తట్టాడు.

"శ్... నేనే" అంది ఆ గుండు. మీసం కూడా లేదు.

"ఇదేందప్పా ఈ అవతారం!"

"తిరుపతిలో మనిషి కనపడకుండా పోవాలంటే ఇంతకన్నా వేషం ఉండాదా? నా పెండ్లాం వసంతమ్మే గుర్తుపట్టలా. మొక్కు తీర్చుకొని వచ్చినారా స్వామీ అని దండం పెట్టి, నా గొంతు విన్నాక తలుపేసుకునింది."

రఘునాథ్ పూతలపట్టుకు ముందు ఒక స్టేజీలో దిగాడు, వెనకాలే వీళ్ళిద్దరూ దిగారు. అక్కడ మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఉంది. గేటు నుంచి రోడ్డు దాకా, రోడ్డు వెంబడి మైలు పొడవునా, కాయలు నింపిన ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. టోకెన్ నంబరు పిలిస్తేనే లోపలికి పోవాలి. రైతులు ట్రాలీల కింద చాపలు పరుచుకొని పడుకుని ఉన్నారు.

రఘునాథ్ నేరుగా గేటు దగ్గరికి నడిచాడు.

"సూడు, సంచి చేతులు మారబోతాది" అని ధర్మేంద్ర గొణిగాడు. ఎత్తు మీది నుంచి చూడాలని వరసలో ఉన్న ఒక ట్రాలీ వెనక తలుపు పట్టుకొని పైకెక్కబోయాడు. తలుపు కొక్కెం ఊడింది. తలుపు పడింది, తలుపుతో పాటు ధర్మేంద్ర పడ్డాడు, ధర్మేంద్ర మీద కాయలు పడ్డాయి. చూస్తుండగానే సగం బండి రోడ్డు మీదికొచ్చింది. కాయల మధ్యలో గుండు ఒక్కటే కనబడుతోంది, అదీ కాయ మాదిరే ఉంది.

"ఎవుడ్రా నువ్వు, గుండోడా!" అని ట్రాలీ కింద పడుకున్న రైతు ముల్లుగర్ర తీసుకొని లేచాడు.

ఆ రైతు ఎవరో కాదు, గురప్పే.

"బావా, బావా! కొట్టొద్దు, మన ధర్మేంద్రే" అని మునిచంద్ర అడ్డం పడ్డాడు.

"ధర్మేంద్రనా? మీసం యాడ పారేసుకున్నావప్పా?"

"గమ్మునుండు గురప్పా! అంతర్రాష్ట్ర దొంగ మన కండ్ల ముందర ఉండాడు" అని ధర్మేంద్ర కాయలు తొక్కుకుంటూ గేటు వైపు పరుగెత్తాడు.

మునిచంద్ర వంగి కాయలు ఏరడం మొదలుపెట్టాడు. చాలావాటికి దెబ్బ తగిలింది. "ఫ్యాక్టరీవోళ్ళు ఇవి తీసుకుంటారా బావా?"

"తీసుకోకపోతే పోనీలే. బంగారుపాళ్యం పక్క ఇంకో ఫ్యాక్టరీలో గూడా టోకెన్ వేసి పెట్టినా. ఎవురు ముందు దింపుకుంటే వాళ్ళకి. మూడు దినాలుగా ఈడుండా. ఒకే తావు నమ్ముకోని కూసుంటే కాయంతా మాగి కారిపోతాది. పాప కాగితానికి గూడా నేను అట్లనే గదా రెండో తావున వేసి పెట్టినా."

మునిచంద్ర చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"ఏం వేసినావు బావా?"

"పాప రాసిన కాగితమప్పా. మన తోట ఫోటో ఉండాదని నా ఫోన్‌కు పంపింది గదా. తిరుపతిలో ఇచ్చి నెలలు గడిచిపాయ. బిడ్డ దినామూ ఫోన్ సూసుకోవడం, ఇంకా రాలా నాయనా అనడం. సూడలేకపోయినా. పోయిన నెల టోకెన్ అడగను ఈడికి వచ్చినప్పుడు, టోకెన్లు రాసే లోకేశ్వరిని అడిగినా. ఆయమ్మ ఎతికి బెంగళూరు పత్రిక పట్టుకొని పంపించింది. ఎవురి పేరున వెయ్యాల అన్నింది. టోకెన్ రైతు పేరు మీదే గదా ఉండేది? గురప్ప అని రాయించినా. ఆడ తీసుకుంటే అప్పుడు పాపకు చెప్దామని గమ్మునున్నా."

మునిచంద్ర రోడ్డు మీదనే కూర్చున్నాడు.

గేటు దగ్గర ధర్మేంద్ర రఘునాథ్ చెయ్యి పట్టుకొని అరుస్తున్నాడు. "రహస్య పత్రాలు బయటికి తియ్! బెంగళూరు ముఠాలో నీ పేరేంది?"

"సార్, అది పెరుగన్నం" అన్నాడు రఘునాథ్. "మా బావ ఈ ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేస్తాడు. సీజన్ కదా, వారం నుంచి ఇంటికి రాలేదు. రెండు లుంగీలు, క్యారియరు తెచ్చాను."

ధర్మేంద్ర క్యారియరు మూత తీసి వాసన చూశాడు. ఇంకో గిన్నె కూడా తీశాడు. ఊరగాయ.

మునిచంద్ర కబురు చెప్పగానే ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "నేను అనుకున్నదే" అన్నాడు. "అందుకే ఆ ట్రాలీనే ఎంచుకున్నా."

బాడుగకు తెచ్చిన ట్రాక్టరును వెనక బండి రైతుకు అప్పజెప్పి, గురప్పను తీసుకొని మధ్యాహ్నానికి రాజశ్రీ ఇంటికి చేరారు. నందిని అప్పటికే వచ్చి ఉంది. నాయన చెప్పింది విని గోడకు ఆనుకొని నిలబడిపోయింది.

"ఎంత పని చేసినావు నాయనా!"

"తప్పని నాకేం తెలుసుమే" అన్నాడు గురప్ప. తర్వాత రాజశ్రీ వైపు తిరిగాడు. "అమ్మా, ఒక మాట. ఏడు నెలలు మీ లైన్లో నిలబెట్టుకున్నారు. ఇంకో లైన్లో నిలబడగూడదంటారు. ఇదేం న్యాయం?"

"ఆలస్యం మాదే. ఒప్పుకుంటాను" అంది రాజశ్రీ. "కానీ ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చొని, రోజుల తరబడి లెక్కలు సరిచూసి చదువుతారు. వాళ్ళకు మేం పైసా ఇవ్వం. ఒకే వ్యాసం రెండు చోట్ల వేస్తే, రెండు చోట్లా వాళ్ళ కష్టం వృథా."

"ఊరికే చదువుతారా? కూలి లేకుండా?"

"లేకుండానే."

గురప్ప భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "అట్లయితే తప్పేనమ్మా. ఒకని కష్టం ఊరికే పారబొయ్యగూడదు. ఏం రాయమంటే అది రాసిస్తా. బిడ్డకు మాత్రం ఏమీ తెలీదు."

బెంగళూరు పత్రికకు వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని నందిని రాసింది, గురప్ప అక్షరం అక్షరం కూడబలుక్కొని సంతకం పెట్టాడు. ఆ సంతకం చూస్తూ రాజశ్రీ అడిగింది. "నలభై చెట్ల కింద రాలిన కాయలు నాలుగేళ్ళు రోజూ లెక్కపెట్టినట్టు వ్యాసంలో ఉంది. నువ్వు తిరుపతిలో ఉన్నావు కదా నందినీ, లెక్కపెట్టిందెవరు?"

"నాయన" అంది నందిని. "పొద్దున్నే లెక్కబెట్టి క్యాలెండరు మీద రాసి నాకు ఫోటో పెడతాడు. చెట్టుకు ఏ పక్క కాయ రాలతా ఉండాదో గూడా నాయనే కనిపెట్టినాడు."

"మరి ఆయన పేరేది వ్యాసంలో?"

నందిని నాలుక కరుచుకుంది.

"పని చేసినవాళ్ళ పేరు ఉండాలి. చెయ్యనివాళ్ళ పేరు ఉండకూడదు. తొమ్మిదో రూలు. రేపు పదిన్నరకు తండ్రీకూతుళ్ళిద్దరూ రండి. ఎవరు ఏం చేశారో ఎవరికి వాళ్ళు రాసి సంతకం పెట్టాలి. రఘునాథ్ గారిని కూడా పిలవండి, ఆయన ఏం రాస్తారో చూడాలని ఉంది."

ధర్మేంద్ర గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఈ వ్యాసానికి నేను చేసిన సేవ..."

"మీకు చివర్లో కృతజ్ఞతలు చెప్పొచ్చు. ఏం చేసినందుకో రాయాలి."

"ట్రాలీ తలుపు ఊడదీసినందుకు" అన్నాడు మునిచంద్ర.

మర్నాడు మునిచంద్ర షాపు తెరవలేదు. తెల్లవారి మొదటి బస్సుకే పోయి, గురప్ప ట్రాక్టరు సీటు మీద కూర్చొని, చొక్కా జేబులో టోకెన్ పెట్టుకున్నాడు. దెబ్బతిన్న కాయలు వేరు చేసి ఒక మూలకు వేశాడు. మధ్యాహ్నం కావస్తుండగా నందిని ఫోన్ చేసింది. నాయన పేరు రెండోది పెట్టినారని, గైడు సార్ గంటసేపు పెన్ను పట్టుకొని కూర్చొని చివరికి తన పేరు తానే కొట్టేసినాడని, లెటర్ చేతికొచ్చిందని చెప్పి, మాట పూర్తికాకుండానే ఏడ్చింది. వెనక నుంచి గురప్ప గొంతు వినబడింది, "లైను కదిలిందేమో అడుగుమే" అని.

అప్పుడే ముందున్న ట్రాక్టరు కదిలింది. మునిచంద్ర ఫోన్ జేబులో వేసుకొని, బండి స్టార్ట్ చేసి, ఒక బండి పొడవు ముందుకు తోలాడు.