పొగపెట్టే విద్య

పెళ్లయిన ప్రతి మగవాడినీ ప్రభుత్వం బలవంతంగానైనా బార్బెక్యూ క్లాసుకి పంపాలి. దానికో చట్టం చెయ్యాలి. ఎగ్గొట్టినవాళ్లకి వారం రోజులపాటు వాళ్లు కాల్చిన చికెనే వాళ్లకి వడ్డించాలి!

ఎందుకింత ఆవేశం అంటారా? అనుభవం!

నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలంటారు. వాళ్లెప్పుడూ మా పెరట్లోకి తొంగి చూసి ఉండరు. నాలుగేళ్లుగా అక్కడ నిప్పు అంటుకున్న రోజులు తక్కువ, పొగ రాని రోజు అసలే లేదు. నేను గ్రిల్లు బయటికి లాగుతున్న చప్పుడు వింటే చాలు, పక్కింటావిడ ఆరేసిన బట్టలు తీసేస్తుంది. మా బావమరిదిని భోజనానికి పిలిస్తే భోంచేసే వస్తాడు. నా చికెన్ పైన బొగ్గు, లోపల పచ్చి. రెంటికీ మధ్య తినదగ్గ పొర ఎక్కడో ఒకటి ఉండకపోదని మా అత్తగారు కత్తితో వెతికి వెతికి, చివరికి ఉత్త రొట్టె తిని లేచేవారు.

అలాంటి రోజుల్లో, నా పుట్టినరోజున మా ఆవిడ ఓ కవరు చేతిలో పెట్టింది. చేత్తో చేసి నేర్చుకునే బార్బెక్యూ క్లాసట. ఆదివారం, రోజంతా.

“అంటే నాకు రాదనా?” అన్నాను రోషంగా.

“అబ్బే! మీకు వచ్చినదానికి ఓ సర్టిఫికెట్ కూడా ఉంటే బాగుంటుందని” అంది.

ఊరి చివర రేకుల షెడ్డు. పన్నెండు గ్రిల్లులు, పన్నెండు నల్ల ఏప్రన్లు, వాటిలో పన్నెండు మంది మగవాళ్లం. నా పక్కన ఓ పళ్ల డాక్టరు, ఎదురుగా రిటైరైన జడ్జి, ఆ చివర డ్రైవింగ్ నేర్పే మాస్టారు. గురువుగారికి ఛాతీ దాకా గడ్డం. దాని కొస కాస్త కాలి ఉంది. అది చూడగానే మా అందరికీ భక్తి కుదిరింది.

“మాంసాన్ని మీరు ఉడికించకండి” అన్నారాయన కళ్లు మూసుకుని. “ఉడకాలని దానికే అనిపించేదాకా ఆగండి.”

ఎంత మాట! అందరం నోటు పుస్తకాల్లో రాసుకున్నాం.

మొదటి రెండు గంటలూ కట్టెల వాసన చూశాం. ఒక్కో కట్టెనీ ముక్కు దగ్గర పెట్టుకుని దాని స్వభావం చెప్పాలి. నాది పైకి కటువుగా ఉన్నా మనసు మంచిదని తేలింది. తర్వాత కోడిని నిమిరాం. దానికి మన మీద నమ్మకం కలగాలట! దానికి కలగాల్సినవన్నీ అప్పటికే కలిగిపోయాయి కదా అని అడగబోయి నోరు మూసుకున్నాను. గురువుని ప్రశ్నిస్తే విద్య అబ్బుతుందా?

మంట దగ్గరికి వచ్చేసరికి ఎవరి వృత్తి వాళ్లు బయటపెట్టారు. పళ్ల డాక్టరు కోడి కాలు పొడిచి, “ఇక్కడ నొప్పిగా ఉందా?” అని అడిగాడు. జడ్జిగారు ఉడికిందో లేదో తేల్చకుండా మూడుసార్లు వాయిదా వేశారు. మంట పైకి లేచినప్పుడల్లా డ్రైవింగ్ మాస్టారు కుడికాలితో నేలని గట్టిగా తొక్కాడు.

చివరికి గురువుగారు, “ఇక మాంసానికి విశ్రాంతి!” అని ప్రకటించి, పళ్లేలన్నీ తెర వెనక్కి పంపించారు. పావుగంట మౌనం. చేతులు కట్టుకుని, తలలు దించుకుని నిలబడ్డాం. మధ్యలో జడ్జిగారు తుమ్మితే మేం చూసిన చూపు, ఆయన ఏ ముద్దాయి వైపూ చూసి ఉండరు.

చేతుల మసి కడుక్కుందామని నేను మెల్లగా తెర వెనక్కి జారుకున్నాను.

అక్కడో పెద్దావిడ, ఆవిడ ముందు ఓ పెద్ద ఓవెన్. మా కోళ్లని ఒక్కొక్కటే బకెట్లోకి తోసి, ఓవెన్లోంచి ఎర్రగా కాలిన కోళ్లని తీసి మా పళ్లేల్లో సర్దుతోంది.

“ఏమండీ! అవి మావి కదా?”

ఆవిడ ఉలిక్కిపడనైనా లేదు. “మీవే బాబూ. ఆ పైనున్నది మీదా? లోపల ఇంకా కూస్తోంది.”

“ఇది మోసం! గురువుగారితో చెప్తాను!”

“చెప్పకండి బాబూ. ఆయన కోడి కూడా ఈ బకెట్లోనే ఉంది. పదిహేడేళ్లుగా మారుస్తున్నాను, ఆయనకి తెలీదు. తెలిస్తే తట్టుకోలేరు. మా ఆయన మనసు వెన్న.”

బకెట్లో నా కోడి వైపు చూస్తూ, “నాలుగేళ్లుగా ఇంట్లోవాళ్లకి ఒక్క ముక్క సరిగ్గా పెట్టలేకపోయానమ్మా. మరి నాకెలా వస్తుంది?” అన్నాను. నా గొంతు వింటే నాకే జాలేసింది.

ఆవిడ చేతులు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. “నేర్చుకుందామనే వచ్చారా? ఇన్నేళ్లలో మీరొక్కరే. వినండి. బొగ్గులన్నీ ఓ పక్కకి నెట్టండి. కోడిని రెండో పక్కన పెట్టండి. మూత వెయ్యండి. గంట దాకా దాన్ని తియ్యకండి. ఈలోగా ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకండి. అంతే.”

పళ్లేలు బయటికొచ్చాయి. గురువుగారు ఓ ముక్క నోట్లో పెట్టుకుని, “చూశారా విశ్రాంతి మహిమ!” అన్నారు. జడ్జిగారికి కళ్లనీళ్లు తిరిగాయి. పన్నెండు మందిమీ లేచి చప్పట్లు కొట్టాం. నేను మాత్రం తెర వైపు తిరిగి కొట్టాను. ఎవరూ గమనించలేదు.

మరుసటి ఆదివారం బావమరిదినీ అత్తగారినీ పిలిచాను. ఏప్రన్ కట్టలేదు. కట్టె వాసన చూడలేదు. తెర వెనక పెద్దావిడ చెప్పింది చెప్పినట్టు చేశాను. మా ఆవిడ ఆ మధ్యాహ్నమంతా కిటికీ పక్కన కూర్చుని నవల చదువుకుంది, వంటింట్లో కాలైనా పెట్టలేదు. మూత తీస్తే ఏముంది! ముట్టుకుంటే మాంసం ఎముకని వదిలేస్తోంది. నా చేత్తో నేను వండింది!

పళ్లెం బల్ల మీద పెట్టి, పట్టకారు కడిగే మిషతో లోపలికి వెళ్లాను. చెవులు మాత్రం బయటే వదిలేశాను.

“అక్కా, అదిరింది!” బావమరిది గొంతు. “బావ చూడకుండా ఎప్పుడు వండావు?”

“నేను కాదురా. మీ బావే.”

“ఊరుకోవే, మా దగ్గర కూడానా?” అన్నారు అత్తగారు. “పోన్లే, అల్లుడిగారికి తెలియనివ్వకు. పాపం, నొచ్చుకుంటారు.”

అందరూ వెళ్లాక మా ఆవిడ పక్కన కూలబడ్డాను. “గంటన్నర ఆ సెగలో నిలబడ్డాను! ఒక్కరంటే ఒక్కరైనా బాగా వండావని నాతో అన్నారా?”

“మొదట్లో అలాగే ఉంటుంది” అంది తను, పేజీ తిప్పుతూ. “ఓ ఇరవై ఏళ్లకి అలవాటైపోతుంది.”

కాబట్టి సాటి మగవాళ్లారా, క్లాసుకి తప్పకుండా వెళ్లండి. ఏప్రన్ కట్టండి, కట్టెల్ని వాసన చూడండి, కోడిని ఆప్యాయంగా నిమరండి. పొరపాటున కూడా వంట మాత్రం నేర్చుకోకండి. వంట వచ్చినవాళ్లకి ఎవరైనా చప్పట్లు కొట్టగా మీరెప్పుడైనా విన్నారా?