నల్లబల్ల మీద కాలువ

"ఆరు నెలల్లో పల్నాడు మొత్తం ఇంగ్లీషు వ్యాకరణంలో తన కాళ్ళ మీద తాను నిలబడాలి!" అని జిల్లా బోర్డు మెంబరు సాంబశివరావు గారు 1946 వేసవిలో, గురజాల పక్క పల్లెలో, బల్ల మీదికెక్కి మరీ ప్రకటించారు. తెల్లవాళ్ళు రేపో మాపో పోతారు. పోతూ పోతూ నౌన్లూ వెర్బులూ పెట్టెల్లో సర్దుకుపోతే మన గతేంది అన్నది వారి ఆవేదన. అంత ముందుచూపున్న నాయకుడికి ఇంగ్లీషు ముక్క రాదంటే, అది ప్రజాసేవలో తీరిక దొరక్కే.

ఊరంతా పొంగిపోయింది. జీవరత్నం ఒక్కతే గుండె పట్టుకుంది. ఆమె కూతురు సుందరి ఆ ఊరి బడిలో టీచరు. టెంపరరీ. మెంబరు గారు తనిఖీకొచ్చి సంతకం పెడితేనే పర్మనెంటు. నాలుగో క్లాసుతో చదువు ఆపేసిన జీవరత్నానికి టెంపరరీ అంటే రేపు పొయ్యిలో పిల్లి పడుకుంటుందని అర్థం.

తనిఖీ రోజున ఆమె కూడా బడి గుమ్మంలో నిలబడింది, చెంబుడు నీళ్ళూ ఓ ఉల్లిపాయా పట్టుకుని. పిల్ల కళ్ళు తిరిగి పడితే ఎవరు చూస్తారు?

సుందరి మిషను దొరసాని నేర్పిన విద్యంతా బయటపెట్టింది. 'ముసలి రైతు ఎండిన పొలాన్ని నిదానంగా దున్నుతున్నాడు' అనే వాక్యం ఇంగ్లీషులో చెప్పి, నల్లబల్ల మీద ఈ చివర్నించి ఆ చివరికి పెద్ద గీత గీసి, రైతునీ దున్నటాన్నీ పొలాన్నీ దాని మీద కూర్చోబెట్టింది. ముసలి, ఎండిన, నిదానంగా అనే మాటల్ని గీత కింద కొమ్మల్లాగా ఏటవాలుగా దించింది. ఏ మాట దేన్ని ఆనుకుని బతుకుతుందో బొమ్మలో చూపటం ఆ విద్య.

మెంబరు గారు మీసం దువ్వుతూ చానాసేపు చూశారు.

"లాకులు ఏ పక్కనమ్మా?"

"అయ్యా, ఇది వాక్యమండీ..."

"బాగా గీశావు. ముప్పయ్యేళ్ళుగా కృష్ణ నీళ్ళ కోసం అర్జీలు పెడుతున్నాం. ఇంత విపులంగా ఎవరూ గీయలా."

బండిచక్రాలకు కమ్మీలేసే మౌలాలీ కిటికీలోంచి కేకేశాడు. "కాలవ ప్లానొచ్చిందిరోయ్!"

నాపరాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఎరగని ఊరు. గీతకి కొమ్మలు కనపడితే అక్కడ కాలువ తప్ప ఇంకోటి తోచదు.

సుందరి నోరు తెరవబోయింది. జీవరత్నం వెనక నుంచి జబ్బ గిల్లింది. "నోర్మూసుకోవే. కాలవంటే కాలవే. సంతకం పడ్డాక వాక్యమని చెప్దువుగాని."

పొద్దుగూకేసరికి ఇల్లంతా జనం. కాదు మొర్రో అంటూ సుందరి ఒక్కో కొమ్మ పేరూ విడమరిచి చెప్పింది. వారం తిరక్కుండా పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఊరందరి నోటికీ వచ్చేశాయి. మెంబరు గారి ప్రకటన నెరవేరిందని ఒప్పుకోక తప్పదు.

పక్కింటి గురవమ్మ పెరుగు ముంత తెచ్చింది. "వదినా, మా మెట్ట ఉత్తరాన ఉంది. అటేపు ఓ అడ్జెక్టివు దించమని చెప్పవే నీ పిల్లకి."

"అడ్జెక్టివు కింద అరెకరం కూడా తడవదక్కా," అన్నాడు మౌలాలీ. "అడ్వర్బు అడుగు. నేను అదే అడిగా."

మెంబరు గారి పదెకరాలు దక్షిణాన. వారి కబురందాక సుందరి వాక్యంలోని ఆ రైతుకి రెండు ఎడ్లనీ, ముగ్గురు కొడుకుల్నీ, ఒక కొండనీ చేర్చి గీతని అటు సాగదీయాల్సి వచ్చింది. నల్లబల్లకి తలారి కాపలా. చెరిపితే కేసు. పిల్లలకి కూడికలు గాల్లోనే చెప్పింది.

తవ్వకం మొదలైంది. పెద్ద గీత సరిగ్గా బడి మధ్య నుంచి పోతుందని తేలింది. మెంబరు గారు కండువాతో కళ్ళొత్తుకుని బడి కూల్పించారు. అదే రోజున సుందరిని పర్మనెంటు చేశారు.

జీవరత్నం ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. ఆ స్తోత్రం పూర్తికాకముందే మళ్ళీ బెంగ పట్టుకుంది. బడిని తవ్విన కాలవలోకే మార్చారు మరి. రెండు నిలువుల లోతు, చల్లటి నీడ. ప్రారంభోత్సవానికి మెంబరు గారు దండలతో దిగొచ్చారు. ఆమె ఆయనకి అడ్డం పడి చేతులు జోడించింది.

"అయ్యా, ముప్పైమంది పిల్లలు. నా బిడ్డ కూడా ఇందులోనే. చెప్పాపెట్టకుండా నీళ్ళొదిలితే ఏం గావాలయ్యా?"

మెంబరు గారు ఎంతో దయగా ఆమె తల నిమిరి, గుండె మీద చెయ్యేసుకున్నారు.

"నేను బతికుండగా ఈ కాలవలోకి చుక్క నీరు రాదమ్మా. నాదీ పూచీ."

గట్టు మీద రైతులందరూ చప్పట్లు కొట్టారు.