పరదా మీది హాజరు

రాత్రి పాళీ దిగిన సోమలింగానికి ఆ ఉదయం ఉన్న పని ఒక్కటే. బడిలో కిటికీకి పరదా కట్టి, ఇంటికి వచ్చి పడుకోవాలి. గుజరాత్‌లోని కోసాడ్ క్వార్టర్ల పక్కనున్న ఆ సర్కారు బడిలో ఒకే ఒక్క తెలుగు తరగతి ఉంది. మరమగ్గాల మీద బతికే తెలంగాణ ఇళ్ళ పిల్లలు అందులోనే చదువుతారు. సోమలింగం కూతురు కోమలీ అక్కడే. చదువు నాణ్యత పెరగాలని ఈమధ్య గోడకు పెద్ద డిజిటల్ తెర బిగించారు. పొద్దుటెండ సూటిగా దాని మీద పడి, పిల్లలకు పాఠం బదులు తమ మొహాలే కనిపిస్తున్నాయి. సోమలింగం బడి కమిటీ సభ్యుడు. పరదా సంగతి తను చూసుకుంటానన్నాడు.

తెర బాగా నడిస్తే కొత్త పిల్లలు చేరతారని అతని ఆశ. ఎందుకంటే హాజరు నలభై దాటకపోతే నెలాఖరుకు తరగతి ఎత్తేసి, పిల్లలను రైలు పట్టాల అవతలి గుజరాతీ బడిలో కలిపేస్తామని విద్యాశాఖ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఉన్నది ఇరవై ఆరుగురు. ఆ కబురు విన్నరోజే అతని భార్య స్వరాజ్యం తేల్చి చెప్పింది.

"పట్టాలు దాటిపిచ్చి నా బిడ్డను ఎవలెంబడి తోలాలె? తరగతి పోయిందంటె జమ్మికుంటల మా అమ్మకాడ ఉంచుత. నువ్వు ఫోన్ల చూసుకో."

సోమలింగం ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

గుడ్డ అతని బావమరిది శివకృష్ణ ఇచ్చాడు. అతను ప్రింటింగ్ మిల్లులో పనివాడు. ఆడమనిషి మొహం వరసలు వరసలుగా అచ్చేసిన చీరల తాను ఒకటి వ్యాపారి వద్దన్నాడట, ప్రతి మొహానికీ బొట్టు కాస్త పక్కకు జరిగిందని. గుడ్డ దళసరిగా ఉంది, ఎండ ఆగుతుంది. మొహాలు తలకిందులు కాకుండా చూసి కట్టి, సోమలింగం ఇంటికి వెళ్ళి పడుకున్నాడు.

మధ్యాహ్నం కోమలి వచ్చి లేపింది. మేడం రమ్మంటోందట. వెళ్ళేసరికి తరగతి టీచరు విజయశ్రీ మేడం బల్ల మీద ట్యాబ్ పెట్టుకుని కూర్చుని ఉంది. రోజూ తరగతి ఫొటో తీస్తే అందులోని యాప్ మొహాలు లెక్కబెట్టి హాజరు పంపేస్తుంది. ఆ రోజు నూట పద్నాలుగు పంపింది. ఒక్కో మొహం చుట్టూ ఆకుపచ్చ గీత గీసి, పేరు తెలియనివాళ్ళకు నంబర్లు కూడా ఇచ్చింది. పేరు తెలియనివాళ్ళంతా పరదా మీద ఉన్నారు.

"కండ్లు, ముక్కు ఉన్నయి గద మేడం," అన్నాడు సోమలింగం. "దానిదేం తప్పు?"

మేడం ఆఫీసుకు ఫోను చేసింది. యాప్ తప్పు చెప్పదనీ, పిల్లలను ఆవిడే మరోసారి లెక్కబెట్టుకోవాలనీ అక్కడివాళ్ళు చెప్పారు.

మర్నాడు పరదా విప్పేశారు. గంట తిరక్కముందే ట్యాబ్‌లో ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఒక్క రాత్రిలో ఇంతమంది బడి ఎందుకు మానేశారో సంజాయిషీ ఇవ్వాలట. మానేసినవాళ్ళను వెతకడానికి ఆఫీసు మనుషులు క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగారు. వాళ్ళు స్వరాజ్యాన్ని గడపలో నిలబెట్టి, ఈ ఇంట్లో బడికి రాని ఆడపిల్లలు ఇంకెందరున్నారని అడిగారు.

"నాకు తెలిసి ఈ ఇంట్ల ఆడపిల్ల కోమలి ఒక్కతే," అంది స్వరాజ్యం. "ఇంకెవలన్న ఉంటె మా ఆయన్నడగాలె."

ఆ సాయంత్రం సోమలింగానికి ఆ ఇంట్లో చాయ్ దొరకలేదు. పరదా మళ్ళీ కట్టేశారు.

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. పిల్లలకు సరిపడా కిచిడీ రావలసిన బండిలో నాలుగింతలు వచ్చింది. లారీలో కొత్త బెంచీలు దిగాయి. వాటిని సర్దేసరికి అసలు పిల్లలకు కూర్చునే దారి దొరక్క గోడవార నిలబడ్డారు. చివరికి ఆఫీసు నుంచి జరీవాలా సాహెబు స్వయంగా వచ్చాడు. ఇంత ఎదిగిన తరగతిని చూడాలన్నాడు. చూసింది మాత్రం ట్యాబ్‌నే.

సోమలింగం ఉండబట్టలేక వచ్చీరాని హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సాహెబు లేచి పరదాను వేళ్ళతో నలిపి చూశాడు. తర్వాత శాంతంగా కూర్చున్నాడు. యాప్‌లోకి ఎక్కినవాళ్ళను తీయాలంటే టీసీ కావాలనీ, టీసీకి తండ్రి సంతకం కావాలనీ చెప్పాడు. వీళ్ళ తండ్రి ఎవరని అడిగాడు.

సోమలింగం పరదా మీది మొహాల వైపు ఓసారి చూశాడు.

"ప్రింటు కొట్టింది మా బామ్మర్ది, సాబ్."

అది చెల్లదన్నాడు సాహెబు. పైవాళ్ళకు ఆయన అప్పటికే నివేదిక పంపాడు, మెచ్చుకోలు కూడా అందుకున్నాడు. అయితే గది చిన్నది, ఇంతమంది ఉంటే నాణ్యత తగ్గుతుంది. హాజరు సరిగా లేనివాళ్ళను పట్టాల అవతలి బడికి మార్చమని యాప్‌కే ఆజ్ఞ ఇచ్చాడు. పరదా మీదివాళ్ళకు జ్వరాలు లేవు, పెళ్ళిళ్ళు లేవు. ఒక్కరోజు తప్ప ఎన్నడూ మానలేదు. యాప్ ఒక్క క్షణంలో ఇరవై ఆరు పేర్లు తీసి ఇచ్చింది. మొదటి పేరు కోమలిది.

సోమలింగానికి జమ్మికుంట బస్సు అప్పుడే కదిలినట్టు అనిపించింది.

విజయశ్రీ మేడం మాత్రం జాబితా రెండుసార్లు చదివి, తన పేరు అందులో లేదు కాబట్టి తనెక్కడ పాఠం చెప్పాలని సాహెబును అడిగింది. పొద్దున ఇక్కడ ఫొటో తీసి పంపితే చాలనీ, ఆ తర్వాత ఆవిడ ఇష్టమనీ ఆయన అన్నాడు.

ఇప్పుడు మేడం రోజూ ఫొటో తీసి, గదికి తాళం వేసి, బయట వరసలో నిలబడ్డ పిల్లలను పాదచారుల వంతెన మీదుగా పట్టాలు దాటించి, ఆ బడి వరండాలో తెలుగు చెబుతుంది. స్వరాజ్యం నాలుగు రోజులు వెనకే నడిచి చూసి, అమ్మకు ఫోన్ చేసి బిడ్డ రావట్లేదని చెప్పింది.

తాళం వేసిన తరగతికి ఆ నెల నాణ్యతలో మొదటి స్థానం వచ్చింది, క్రమశిక్షణకు మార్కులు విడిగా కలిపారు.