ఎమ్మోబీ అంటే మొబైలే!

ఉదయం తొమ్మిదింటికి రాజనర్సయ్య వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. అమీర్‌పేట పోయి మెషిన్‌లో చార్టులు పెట్టించడం, ఎస్.ఆర్. నగర్‌లోని ఇంటికొచ్చి భోంచేసి ఓ కునుకు తీయడం, సాయంత్రం అయిదింటికి పంజాగుట్టలో కాకినాడ బస్సు డ్రైవర్‌కు ఆ మెషిన్ అప్పజెప్పడం. మధ్యలో కునుకు కూడా ఉంది కాబట్టి అది మంచి పథకమే.

మెషిన్ ఆయన బావమరిది జగదీశ్‌ది. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన జగదీశ్, యాభై ఏళ్ళ వయసులో కాకినాడలో ఓ పాత బోటు కొన్నాడు. దానికి చనిపోయిన అక్క పేరు, అంటే రాజనర్సయ్య భార్య పేరు, ‘సీతాబాయి’ అని పెట్టుకున్నాడు. బోటు సముద్రంలో ఎక్కడుందో, అక్కడ నీళ్ళు ఎంత లోతో తెర మీద చూపించే పెట్టె ఒకటి దాంతోపాటే వచ్చింది. చార్ట్‌ప్లాటర్ అంటారట. పదిహేనేళ్ళ పాతది. కొత్త చార్టులు, అంటే సముద్రపు పటాలు, కొంటే అవి ఈమెయిల్లో వచ్చాయి గానీ, వాటిని ఆ పెట్టెలోకి ఎక్కించే మనిషి దొరకలేదు. మర్నాడు పదకొండింటికి పోర్టు వాళ్ళ తనిఖీ. తెర మీద చార్టులు కనిపించకపోతే ఈ ఏడాదికి బోటు కదలదు.

“అమీర్‌పేటల దొరకనిదేముంటది బావా!” అని జగదీశ్ పెట్టెను బస్సులో పంపేశాడు.

మైత్రీవనం పక్క సందులో ఓ భవనం నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. కిటికీలు కూడా కనిపించవు. రాజనర్సయ్య మొదటి అంతస్తు ఎక్కి, కౌంటర్‌లో ఉన్న మంజుశ్రీ అనే అమ్మాయిని అడిగాడు.

“బోట్ చార్టు పెట్టియ్యాలెనమ్మా.”

“చాట్‌బాటా అంకుల్? రెండు నెలల కోర్సు. జాబ్ గ్యారంటీ.”

“నాకు జాబెందుకమ్మా, రిటైరైన. రేపు పదకొండింటికి నడిస్తే చాలు.”

“నడుస్తది అంకుల్. ఏ ప్లాట్‌ఫాం మీదైనా నడుస్తది.”

ఆయన ఫారం నింపాడు. పేరు, ఊరు, మాబ్. నంబర్. డెమో క్లాసులో నలభై నిమిషాలు కూర్చున్నాడు. ఎంతకీ ఎవరూ నీళ్ళ ఊసెత్తకపోయేసరికి అనుమానం వచ్చింది. అయితే ఏసీ చల్లగా ఉంది, వెనక బెంచీ కుర్రాడు మంచినీళ్ళ సీసా అందించాడు. సంగతి తెలిశాక మంజుశ్రీ నవ్వి, సెల్లార్‌లో సురేందర్ రిపేరు దుకాణం చూపించింది.

సురేందర్ పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూశాడు.

“రెండు జీబీ కంటే పెద్ద కార్డు దీనికి పట్టదంట” అన్నాడు రాజనర్సయ్య.

“రెండు జీబీనా! గిప్పుడెవడు అమ్ముతుండు సార్? నూట ఇరవై ఎనిమిది ఇస్త, తీస్కపో.”

“పెద్దదిస్తే మింగదయ్యా.”

మూడింటి దాకా సొరుగులన్నీ బోర్లించారు. భోజనమూ కునుకూ పథకంలోంచి జారిపోయాయి. సురేందర్ తన టిఫిన్ డబ్బాలోని అన్నం, పచ్చిపులుసు సగం పెట్టాడు. చివరికి బిస్కెట్ డబ్బా అడుగున, ఎవరిదో పాత కెమెరాలోంచి తీసిన కార్డు దొరికింది. జగదీశ్ పంపిన ఈమెయిల్లోంచి చార్టులు దాంట్లోకి ఎక్కాయి. కానీ సెల్లార్‌లో మెషిన్‌కు ఆకాశం కనపడదు. శాటిలైట్ అందాలంటే మేడ ఎక్కాల్సిందే. బ్యాటరీ సురేందర్, పెట్టె రాజనర్సయ్య మోశారు.

మేడ మీద తెర వెలిగింది. అంతా పసుపుపచ్చ; సముద్రపు పటాల్లో నేలకు ఆ రంగే. మధ్యలో చిన్న పడవ బొమ్మ.

“రోడ్లు లేవు, మెట్రో లేదు. వచ్చినట్టా రానట్టా సార్?”

“జగదీశ్‌ను అడుగుదాం.” రాజనర్సయ్య చూపు ఓ మీట మీద ఆగింది. “ఇగో, ఎమ్, ఓ, బీ. మొబైల్. ఒత్తితే ఆనికి ఫోన్ పోతది.”

“గంత పాత మెషిన్ల మొబైలుంటదా?”

“ముప్పై నాలుగేండ్లు పెన్షన్ ఆఫీసుల ఫారాలు చూసిన నేను. ఎమ్మోబీ అంటే మొబైలే!”

గట్టిగా ఒత్తిపట్టాడు. మెషిన్ చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలుపెట్టింది. తెర మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు లేచాయి. ఫోన్ మాట్లాడుకోవడానికి మేడెక్కిన మంజుశ్రీ వచ్చి చదివింది.

“మ్యాన్... ఓవర్... బోర్డ్.” ఆమె మళ్ళీ ఒకసారి చదివింది. “అయ్యో అంకుల్! బోర్డు మీదికెల్లి మనిషి పడ్డడంట!”

“ఏ బోర్డు?”

“మా బోర్డే! మహేశ్ పొద్దుగాల బోర్డు కట్టనీకొచ్చిండు!”

మహేశ్‌కు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

“శాటిలైట్ చూసి చెప్తుంది సార్. అబద్ధమెందుకు చెప్తది?” అన్నాడు సురేందర్.

ముగ్గురూ పెట్టెతో సహా కిందికి పరుగెత్తారు. వాచ్‌మన్ బుచ్చయ్య భవనం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. జనం పోగయ్యారు. పడింది ఒకడన్నారు, ఇద్దరన్నారు, మురికి నాలాలో కొట్టుకుపోయాడన్నారు. మెయిన్ రోడ్డు నిండిపోయింది. కానిస్టేబుల్ వచ్చి, ఇంకా అరుస్తున్న పెట్టెను చూసి, “ఎవ్వరు ముట్టొద్దు. సాక్ష్యం!” అన్నాడు.

నాలుగున్నర దాటింది. పడ్డవాడి కోసం భయపడాలో, బస్సు కోసం భయపడాలో రాజనర్సయ్యకు తెలియలేదు. బస్సు గుర్తొచ్చినందుకు సిగ్గుపడి, మళ్ళీ పడ్డవాడి కోసం భయపడ్డాడు.

అంతలో చేతిలో ఛాయ్ గ్లాసుతో ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చి పైకి చూశాడు.

“ఎవరన్న పడ్డది?”

“మహేశ్ అంట. బోర్డులు కడ్తడు” అన్నాడు బుచ్చయ్య, పైనుంచి చూపు తిప్పకుండా.

“అయ్యో, మస్తు మంచోడన్నా!” ఒక గుక్క తాగి ఆగాడు. “ఏ మహేశ్?”

బుచ్చయ్య తిరిగి చూసి వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు. “ఫోనెందుకు బంద్ చేసినవ్‌ రా?”

“ఛార్జింగ్ అయిపోయింది!”

మంజుశ్రీ కళ్ళు తుడుచుకుంది. “మా బోర్డు కట్టకుండ ఛాయ్ తాగుతున్నవా?” అని వెంటనే అందుకుంది.

సాక్ష్యం చేతికి తిరిగొచ్చేసరికి అయిదుంబావు. సురేందర్ వైరు పీకి దాని నోరు మూయించాడు. పంజాగుట్టలో బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. జగదీశ్‌కు ఏం చెప్పాలో తోచక రోడ్డెక్కిన రాజనర్సయ్యకు, ఆగిపోయిన వాహనాల మధ్య ‘కాకినాడ’ అన్న అక్షరాలు కనిపించాయి. డ్రైవర్ ఫణీంద్ర కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“ఏంటండీ ఈ జనం? ముప్పావుగంట నుంచీ ఇక్కడే ఉన్నాను, ఇంకా పంజాగుట్టకే చేరలేదు. ఎవరో పడిపోయారంట గదా?”

“ఎవరు పడలేదు బాబూ. అందరు మంచిగనే ఉన్నరు” అంటూ రాజనర్సయ్య పెట్టెను కిటికీలోంచే అందించాడు.

మర్నాడు మధ్యాహ్నం జగదీశ్ ఫోన్ చేశాడు.

“అనుమతి వచ్చింది బావా! చార్టులు మస్తుగ కనవడుతున్నయ్. గని ఎమ్మోబీ ఎందుకొత్తినవ్? మనిషి నీళ్ళల్ల పడితే ఒత్తేది అది. బోటును ఎటు తిప్పినా బాణం అమీర్‌పేట దిక్కే చూపిస్తుంది. ఎవరో పడ్డరట, రెండు వందల ఇరవై మైళ్ళు వెనక్కివోయి తీస్కరావాల్నట. సముద్రంలకు వచ్చినంక సుత ‘సీతాబాయి’ ఇంటికే పోదామంటుంది బావా!”

రాజనర్సయ్యకు ఇందులో వింతేమీ కనిపించలేదు. సీతాబాయి ఏ ఊరికి పోయినా రెండోరోజు అదే మాట అనేది.