కిటికీ దగ్గర మొగుడు

పెళ్ళాం ఇంకొకడిని ప్రేమించే సినిమాలు సంసారాలను కూలుస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. మా ఫ్రాన్సులో సంసారాలు ఇంకా నిలబడి ఉన్నాయంటే ఆ సినిమాల చలవే!

బుధవారం వచ్చిందంటే కొత్త సినిమా. మా దిజోన్ ఊళ్ళో నేనూ, మా ఆవిడ ఒడీలూ ఏ బుధవారమూ మానలేదు. కథ మీకు తెలిసిందే. హీరోయిన్‌కి మంచి మొగుడు, సముద్రం ఒడ్డున ఇల్లు, కాసేపటికల్లా ఒక ప్రియుడు. ఎవరికీ ఉద్యోగం ఉన్నట్టు కనబడదు. మొగుడికి సంగతి తెలుస్తుంది. అరుస్తాడా? ఛీ, అదేం మర్యాద? కిటికీ దగ్గర నిలబడి సిగరెట్ వెలిగిస్తాడు. బయట వాన మొదలవుతుంది. మనం టికెట్ కొనేది ఆ మౌనం కోసమే.

ఎంత సంస్కారం నేర్పాయండీ ఈ సినిమాలు! మా తాతకి అనుమానం వస్తే గడ్డపార పట్టుకుని పక్కింటికి బయలుదేరేవాడు. మా నాన్న తలుపులు దబదబా బాదేవాడు. మరి నేనో? ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర దర్శకుడి ధైర్యాన్ని మెచ్చుకునేవాణ్ణి. మా వీధిలో మాంసం కొట్టాయన కూడా కత్తి పక్కన పెట్టి, ప్రియుడి పాత్రలో లోతు లేదంటాడు.

పోయిన నెల ఈ చదువంతా నాకు అక్కరకొచ్చింది. ఆవముద్ద పట్టించి వండిన కుందేలు కూర తింటున్నాం. ఒడీల్ ఫోర్కు కింద పెట్టింది.

"ఫ్లోరాన్, నీకో మాట చెప్పాలి. మందుల షాపు ఎర్వేకీ నాకూ ఏడాదిగా నడుస్తోంది."

ముందు మా తాత గడ్డపారే గుర్తొచ్చింది. అయినా అన్ని బుధవారాలు ఊరికే పోతాయా? ఆమె గ్లాసులో వైన్ పోశాను.

"మనసు మన మాట వినదు, ఒడీల్. నిన్ను తప్పు పట్టను," అన్నాను. నా గొంతు విని నాకే ముచ్చటేసింది.

"అంతేనా?"

"నిజాయితీగా చెప్పావు. అది గొప్ప విషయం."

"ఒక్క పళ్ళెమైనా పగలగొట్టవా?"

"అవి మీ అమ్మ ఇచ్చినవి కదా."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. సిగరెట్ మానేసి చాలా కాలమైంది కాబట్టి ఊరికే నిలబడ్డాను. వాన కూడా లేదు. ఉన్నదాంతో సర్దుకున్నాను.

"ఎర్వే లేదు, గిర్వే లేదు," అంది వెనకనుంచి. "ఆయన మొహం జలుబు మాత్రలకి తప్ప చూడలేదు నేను. నీకు కాస్తయినా మండుతుందేమోనని అన్నా. మండలేదుగా. బెజాన్సోన్‌లో మా అక్క దగ్గరికి పోతున్నా."

వెనక్కి తిరిగి కాళ్ళు పట్టుకోవాలనిపించింది. కానీ అంత బాగా కుదిరిన పోజు చెడగొట్టుకోవడం ఎలా? కింద వీధిలోంచి ఆమె పెట్టె చక్రాల చప్పుడు వినబడింది. నాకు ఏడుపొచ్చింది.

మొన్న బుధవారం ఒక్కడినే కొత్త సినిమాకి వెళ్ళాను. మొగుడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. వాన మొదలైంది. హాలంతా మైమరచి చూస్తోంది.

"ఒరేయ్, వెనక్కి తిరగరా! వెళ్ళిపోతోందిరా!" అని నేను లేచి అరిచాను.

అందరూ ష్, ష్ అన్నారు. పక్క సీటు పెద్దావిడ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ప్రేమంతా ఆ మౌనంలోనే ఉందండీ. మీకు తెలియట్లేదు," అంది.

"నాకు తెలుసమ్మా," అన్నాను. "ఆ ముక్క బెజాన్సోన్ వెళ్ళి మా ఆవిడకి చెప్పిరండి. రైలు టికెట్ నేనే కొంటాను."