చెర్రీ చెట్టెక్కిన కెర్నెల్

ఆ శనివారం ఉదయం రదీమ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్య లూద్మిలా కాఫీ ముగించేలోపు కంప్యూటర్ కెర్నెల్‌లో జర్నలింగ్ సదుపాయం పెట్టేయాలి. కెర్నెల్ అంటే యంత్రాన్నంతా నడిపించే మూల ప్రోగ్రాము. తయారుగా దొరికే కెర్నెల్‌ను వాడుకోవడం నామోషీ అనుకునే జాతి ఒకటుంది. మా బ్ర్నో నగరంలో అలాంటివాళ్ళం వీధికొకరం ఉంటాం. జర్నలింగ్ ఉంటే, చేయబోయే మార్పును డిస్కు ముందే రాసిపెట్టుకుంటుంది. హఠాత్తుగా కరెంటు పోయినా ఫైళ్ళు చిందరవందర కావు.

"సాయంత్రం లైబ్రరీ నూరేళ్ళ పండగలో నేను మాట్లాడాలి. ఇంకా ఒక్క ముక్క రాయలేదు. ఇవాళే దాన్ని కెలకాలా?" అంది లూద్మిలా.

"నీ కోసమేగా! ఇకమీదట కరెంటు పోయినా ఒక్క అక్షరం పోదు."

జర్నలింగ్‌ను కెర్నెల్ లోపలే కలపాలా, విడి ముక్కగా డిస్కులో ఉంచాలా అని తెర అడిగింది. విడిగా ఉంటే తేలిక కదా అని రదీమ్ రెండోదానికే సరేనన్నాడు. ఇక దేనికిలే అని పాత కెర్నెల్‌ను తుడిచేశాడు కూడా. యంత్రాన్ని ఆపి మళ్ళీ వేస్తే, డిస్కు తెరవడం తన వల్ల కాదని అది బిగుసుకు కూర్చుంది.

మామ ఒతాకర్ తోటలోంచి తొంగి చూశాడు. "ఏమైంది అల్లుడూ?"

"డిస్కు తెరవాలంటే ఒక ముక్క కావాలి మామయ్యా. ఆ ముక్క డిస్కులోనే ఉంది."

"అంటే బీరువా తాళంచెవి బీరువాలో పడేసి తలుపు మూశావు. ఇంత చదివినవాడికి తప్ప ఇంకెవరికి తోస్తుంది!"

ఇలాంటప్పుడు యంత్రాన్ని లేపడానికి ఒక సీడీ ఉండాలి. రదీమ్ సొరుగులన్నీ తిరగేశాడు.

"పిట్టల్ని బెదిరించడానికి పాత సీడీలన్నీ నువ్వేగా నాకిచ్చావు," అన్నాడు ఒతాకర్.

కావలసిన ఆ సీడీ తోటలోని చెర్రీ చెట్టు చిటారుకొమ్మన తళతళలాడుతోంది. రదీమ్ చెట్టెక్కాడు. సీడీ చేతికందింది, దాంతోపాటు విరగకాసిన కొమ్మ కూడా.

"పిట్టలే నయం," అన్నాడు ఒతాకర్. "పళ్ళు తింటాయి గానీ కొమ్మలు విరగ్గొట్టవు."

సీడీకి పట్టిన రెట్ట నీళ్ళకు వదల్లేదు. మామ దాచుకున్న ప్లం సారా తెచ్చి తుడిచాక యంత్రం కళ్ళు తెరిచింది. ఈసారి జర్నలింగ్‌ను కెర్నెల్ లోపలే కలిపాడు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. లూద్మిలా కూర్చుని, తలెత్తకుండా టైపు చేసి, చివరికి కళ్ళు తుడుచుకుంది.

"బాగా వచ్చింది రదీమ్. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు."

"ఇప్పుడు చూడు!" అని రదీమ్ గోడలోంచి ప్లగ్గు పీకేశాడు.

మళ్ళీ పెట్టగానే యంత్రం ఒక్క ఫిర్యాదైనా లేకుండా లేచి కూర్చుంది. రదీమ్ ఛాతీ ఉప్పొంగింది.

"చూశావా, ఒక్క ఫైలు చెడలేదు!"

"నా ప్రసంగమేది?"

"సేవ్ చేశావుగా?"

"అక్షరం పోదన్నావు. ఇంకా సేవ్ చేయడం దేనికనుకున్నాను."

డిస్కుకు చేరిన దాన్నే జర్నలింగ్ కాపాడుతుందని, చేరనిదాన్ని దేవుడు కూడా కాపాడలేడని రదీమ్ ప్లగ్గుకేసి చూస్తూ గొణిగాడు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

లూద్మిలా వట్టి చేతులతో వేదికెక్కింది. వేరే దారి లేక, పొద్దుటి నుంచి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. హాలంతా కడుపుబ్బ నవ్వింది. ఒతాకర్ అయితే కుర్చీలోంచి జారాడు. సభ ముగిశాక లైబ్రరీ అధ్యక్షురాలు తిన్నగా రదీమ్ దగ్గరికి వచ్చి, వచ్చే ఏడాది వార్షిక సభ రోజు కూడా ఉదయాన్నే ఏదో ఒకటి బాగుచేయమని వేడుకుంది.